చైనా చెక్క

మా ఇంటికి చైనా నుంచి చెక్క వచ్చిందన్న మాట నరసరావుపేట దూదేకులవాళ్ళ వీధిలో సాయంత్రానికల్లా పాకిపోయింది. అందరికంటే ముందు వచ్చినావిడ పక్కింటి వెంకాయమ్మ. చెక్క అంటే ఆవిడకి తెలిసింది ఒకటే, గానుగాడాక మిగిలే వేరుశనగ చెక్క. "జాన్‌బీ వదినా, మా బర్రె ఈనింది. ఓ ముక్క పెడితే నీకు చానా పుణ్యముంటది" అంటూ గంప పట్టుకునే వచ్చింది.

ఆవిడని అని ఏం లాభం? తెచ్చినవాడే దాన్ని చెక్క అన్నాడు. చూడబోతే అట్లాగే ఉంది కూడా. గుండ్రంగా, చిన్న పళ్ళెమంత వెడల్పున, నల్లగా, రాయంత గట్టిగా ఉంది. అడుగున మధ్యలో బొటనవేలు పట్టేంత గుంట. పైన చుట్టిన కాగితం మీద ఎర్రటి చైనా అక్షరాలు. నిజానికది టీ. ఆకుని మాగేసి, ఆవిరి పట్టి, గుడ్డలో మూటగట్టి, రాతి కింద అదిమి ఆరబెట్టిన టీ. ఆ గుంట గుడ్డ ముడి పడ్డ చోటు. ఈ సంగతులన్నీ తెచ్చినవాడు చెప్పాడు, కాచే తీరు మాత్రం నా భర్త సత్తార్ రాసిన జాబులో ఉంది. ఆ జాబు చదివింది నేను. నా పాట్లన్నీ అక్కడే మొదలయ్యాయి.

సత్తార్ పట్టాళంలో లారీ డ్రైవరు. నలభైరెండులో బర్మాలో లాషియో అనే ఊళ్ళో ఉండేవాడు. చైనా నుంచి సరుకు లారీలు అక్కడికే వచ్చేవట. జపానువాళ్ళు మీదపడ్డప్పుడు అందరూ పారిపోతుంటే మా ఆయన లారీ తిప్పుకుని, వెనకబడ్డవాళ్ళని తెస్తానని వెళ్ళాడు. వెళ్ళేముందు ఈ చెక్కనీ, ఒక జాబునీ తనతో పనిచేసే బెల్లంకొండ వెంకటప్పయ్య చేతిలో పెట్టాడు. వెంకటప్పయ్య అడవుల్లో నడిచి అస్సాం చేరి, ఆసుపత్రిలో పడి లేచి, డిసెంబరులో మా గడప తొక్కాడు. అప్పటికి అయిదు నెలల ముందే మాకు తంతి వచ్చింది. ఇంగ్లీషు మాట ఒకటి పట్టుకుని పోస్టుమాస్టరు బుర్ర గోక్కున్నాడు. చివరికి మీవాడు కనిపించడం లేదని చెప్పాడు.

మా అత్త జాన్‌బీ ఆ మాట ఒడిసిపట్టుకుంది. కనిపించకపోతే వెతకాలి గాని ఏడుస్తారా, అని వీధి వీధినీ కసిరింది. కసురుతూనే అన్నం మానేసింది. రోజుకి ఒక పూట గంజి తాగితే గొప్ప. వెంకటప్పయ్య వచ్చేనాటికి ఆమె చేతులు ఎండు పుల్లలయ్యాయి. దూది ఏకే విల్లు ఎత్తబోయి తూలి పడుతుండేది.

జాబు చదవమని నన్ను ముందు కూర్చోబెట్టింది. ఆమెకి చదువు రాదు. నేను సత్తెనపల్లిలో అయిదో తరగతి దాకా చదివాను. సత్తార్ మూడో తరగతితో బడి ఎగ్గొట్టిన మనిషి కనక మాట్లాడినట్టే రాశాడు.

"అమ్మకి సలాం. ఇది చైనావోళ్ళు తాగే టీ. సుత్తితో కొట్టబాకండి, పొడైపోద్ది. దబ్బనం పక్కనుంచి దూర్చి పొర పొరగా లేపండి. గిన్నెలో ఏసి మసిలే నీళ్ళు పోసి, ఆ మొదటి నీళ్ళు పారబొయ్యండి, దుమ్ము పోద్ది. రెండోసారి పోసినయ్యి తాగాల. పాలూ బెల్లం ఎయ్యబాకండి. మిరపకాయల కాడ పెట్టబాకండి, వాసన పట్టుద్ది. నాకోసం ఉంచబాకండి."

అంతే. జాబు నిండా బాకలే. మా ఆయనకి ఇది చెయ్యమని చెప్పడం కంటే వద్దనడమే బాగా వచ్చు. నేను ఆఖరి వాక్యం దగ్గర ఆగాను. మా అత్త నా నోటి వంకే చూస్తోంది. "వస్తానని రాయలా?" అంది. నాకు అప్పుడు పందొమ్మిదేళ్ళు. ఎదురుగా కూర్చున్న మనిషి ఇంకో నెల బతికేట్టు లేదు. నేను జాబులోంచి కళ్ళెత్తకుండా, "నాకోసం ఉంచండి" అని చదివాను.

రెండే అక్షరాలు మింగాను. బా, క. జాబులో నాలుగు బాకలుంటే మూడే పైకి చదివాను. మా అత్త లేచి వెళ్ళి, చట్టిలో ఉన్న జొన్నన్నం తనే పెట్టుకుని తినేసింది. తింటూ ఏడ్చింది. ఆ రోజు నేనేదో ఘనకార్యం చేశాననుకుని హాయిగా నిద్రపోయాను. అంత తెలివితక్కువ నిద్ర మళ్ళీ నా జన్మలో పోలేదు.

ఇక చూడండి. ఉంచమన్నాడంటే వస్తాడనేగా. వస్తాడంటే నేను ఆయన పెళ్ళాన్నేగా. మిరపకాయల వాసన తగలకూడదు కనక మా అత్త ఆ చెక్కని కొత్త దూదిలో పెట్టి, సత్తార్ దిండులో వేసి కుట్టేసింది. తెల్లారి లేవగానే దిండు మీద అరచెయ్యి ఆనించి చూసుకునేది. గట్టిగా తగిలితే ఆమెకి పొద్దు మంచిదైనట్టే. జాబుని గుడ్డసంచిలో పెట్టి రొంటిన దోపుకుంది. నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా దాన్ని గోడ గూట్లో, కంటికి కనిపించేచోటే పెట్టేది.

మా ఇల్లు ఒకటే గది. కింద నాపరాళ్ళు, పైన నాపరాళ్ళు. వేసవిలో అందులో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. మా వాళ్ళలో మగవాళ్ళు విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరుగుతారు. మామ పోయాక మా అత్తకి తిరగడం కుదరదు కనక జనం పాత పరుపులు మా ఇంటికే పంపేవాళ్ళు. దూది ఏకేటప్పుడు తలుపూ కిటికీ మూసెయ్యాలి. కాస్త గాలి దూరినా పని అంతా వీధిన పడుతుంది. అందుకని పొద్దున్నించీ సాయంత్రం అసర్ నమాజు దాకా ఆ గదిలో ఆమే, నేనూ, నారి టంగు టంగుమనే మోతా. ముక్కులో దూది, కనురెప్పల మీద దూది, తాగే నీళ్ళలో దూది. తలుపు తీస్తే బాగుండునని రోజుకి నూరుసార్లు అనుకునేదాన్ని. నోరెత్తి అడిగితే, దూది నీ బాబు తెస్తాడా అనేది.

మా చెల్లెలి నికాకి కూడా సత్తెనపల్లి పోనివ్వలేదు. సత్తెనపల్లి ఎంత దూరమని? బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి అక్కడుంటాం. "ఆ పూటే వాడొస్తే? టీ ఎవరు కాస్తారే?" అంది. ఇంత పెద్ద యుద్ధంలోంచి కొడుకు సరిగ్గా ఆ పూటే దిగి, దిగీ దిగగానే టీ అడుగుతాడని ఆమె లెక్క. నాకు కోపం వచ్చేది. వచ్చి ఎవరి మీద చూపాలో తెలిసేది కాదు. ఆ లెక్క ఆమెకి నేర్పింది నేను.

చెప్పేద్దామని అనుకోలేదా అంటే, ప్రతి శుక్రవారం అనుకున్నాను. తీరా నోరు తెరిచేసరికి ఆమె దిండు మీద చెయ్యి వేసి కనిపించేది. నా నోరు దానంతటదే మూతపడేది. ఆమె వంటికి కాస్త కండ పట్టిందంటే అదంతా ఆ అబద్ధం పెట్టిన కూడే.

నలభైఅయిదులో యుద్ధం అయిపోయింది. పట్టాళం నుంచి ఒక్కొక్కరూ తిరిగి వస్తున్నారు. బస్సు హారను వినిపించినప్పుడల్లా మా అత్త గడపలోకి వచ్చి నిలబడేది. అట్లా ఎనిమిది నెలలు గడిచాయి. నలభైఆరు ఎండలు ముదిరే వేళకి మా నాన్న ఇస్మాయిల్ సత్తెనపల్లి నుంచి వచ్చాడు. ఆయన దర్జీ. మాట తక్కువ మనిషి, కత్తిరించినట్టు మాట్లాడతాడు. ఖాజీగారితో మాట్లాడే వచ్చానన్నాడు. నాలుగేళ్ళు జాడ తెలియని మనిషిని పోయినట్టే లెక్కిస్తారట. ఇద్దతు, అంటే భర్త పోయిన ఆడది గడప దాటకుండా ఉండే నాలుగు నెలల పది రోజులు, అది గడిపితే మళ్ళీ నికా చెయ్యొచ్చట. అయితే కన్నతల్లి ఎదురుగా నిలబడి నా కొడుకు బతికున్నాడంటే మసీదు జమాతు పెద్దలు ముందుకి రారు. తల్లి ఒప్పుకోవాలి.

సంబంధం కూడా ఉందన్నాడు. యాకూబ్ అని, బస్సుల షెడ్డులో మెకానిక్కు. మొదటి భార్య పోయింది. పిల్లలు లేరు. ఈ నెలలోపు మాట తెలిస్తే ఆగుతానన్నాడట. అతన్ని నేను చిన్నప్పుడు చూశాను. సత్తెనపల్లిలో మా వీధిలో సైకిళ్ళు బాగుచేసేవాడు, చేతులకి ఎప్పుడూ నల్ల జిడ్డే. ఆ జిడ్డు చేతులు గుర్తొచ్చి నాకు సంతోషమేసింది. దాచడమెందుకు, నాకు ఇష్టమే. ఇరవైమూడేళ్ళ దాన్ని. నాకు ఒక మనిషి కావాలి. తలుపు తెరిచి ఉండే ఇల్లు కావాలి.

మా అత్త అంతా విన్నది. మా నాన్నకి మజ్జిగ ఇచ్చింది. అప్పుడు రొంటిన సంచి తట్టి చూపించింది.

"నీ కూతురు చదివిన జాబే అన్నా. ఉంచమని రాశాడు నా కొడుకు. శుక్రవారం మసీదు కాడికి తెస్తా. శివరామయ్య అయ్యవారి చేత పెద్దగా చదివించండి. ఇన్నాక పోయాడని ఎవురంటారో నేనూ చూస్తా."

మా నాన్న తల వంచుకున్నాడు. శుక్రవారం వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. అది బుధవారం.

శివరామయ్య అయ్యవారు బోర్డు స్కూలు పంతులు. కామా కూడా వదలకుండా చదివే మనిషి. ఆయన ఆ బాకని వదులుతాడా? వీధి అందరి ముందూ, మగవాళ్ళ ముందూ, నా కొడుకు వస్తానన్నాడని తల ఎత్తుకుని నిలబడిన ముసలిదానికి ఆ మాట చెవిన పడుతుంది. పోనీ నేనే వెళ్ళి అయ్యవారి కాళ్ళు పట్టుకుని ఆ రెండక్షరాలూ మింగెయ్యమంటే? ఆయన ఒప్పుకున్నాడే అనుకుందాం. అప్పుడు నేను ఈ గదిలో ముసలిదాన్నవుతాను. జాబు దాచేద్దామంటే అది ఆమె రొంటినుంది. నిజం బయటపడితే నాకు విడుదల, ఆమెకి చావు. అబద్ధం నిలబడితే ఆమెకి కొడుకు, నాకు ఈ నాలుగు గోడలు. ఆ రాత్రంతా ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. అన్నం సయించలేదు.

గురువారం ఒక కోమట్ల ఇంటి నుంచి పరుపు వచ్చింది. పదేళ్ళుగా ఎవరూ విప్పినట్టు లేదు, దూది అంతా పెడ్డలు కట్టింది. తలుపులు మూసి ఇద్దరం కూర్చున్నాం. నేను చిరాగ్గా ఒక పెడ్డని పట్టుకుని గుంజుతున్నాను. మా అత్త నా చేతి మీద కొట్టింది. "లాగబాక. లాగితే తెగుద్ది. అంచు యాడుందో ఎతుకు, అదే ఇప్పుకుంటది" అంది. ఆ మాట ఆమె నాకు నాలుగేళ్ళుగా చెబుతూనే ఉంది. బాక అన్న మాట ఆమె నోట విన్నాక మాత్రం ఇక ఆగలేకపోయాను.

"అత్తా, జాబులో అట్టా లేదు" అన్నాను.

నారి మోత ఆగింది. "ఏంది?"

"నాకోసం ఉంచండి అని లేదు. ఉంచబాకండి అనుంది. నేనే మార్చి చదివా."

ఆమె విల్లు పక్కన పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, సంచి తీసింది. జాబు మడతల దగ్గర చిరిగిపోతోంది. దాన్ని నేల మీద పరిచి, చదవమంది. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాను. మళ్ళీ చదవమంది. మూడోసారి చదివాక, "బాక ఏది? చూపియ్యి" అంది.

చివరి వరసలో చూపించాను. ఆమె వంగి, ఆ రెండక్షరాలనీ చాలాసేపు చూసింది. మూసిన కిటికీ సందులోంచి పడే వెలుగులోకి కాగితాన్ని జరుపుకుంది. అప్పుడు వేలుని పై వరసల మీదకి పోనిచ్చి, వెతకడం మొదలుపెట్టింది. అక్షరం ముక్క రాని మనిషి, ఆ రూపు పట్టుకుని, పరుపులో కుట్టు వెతికినట్టు జాబంతా వెతికింది. కొట్టబాకండి దగ్గర ఆగింది. ఎయ్యబాకండి దగ్గర ఆగింది. పెట్టబాకండి దగ్గర ఆగింది. మళ్ళీ చివరి వరసకి వచ్చింది.

"నాలుగున్నయ్యి" అంది. "నువ్వు మూడే చదివినావు."

నేను ఏడ్చాను. నువ్వు చచ్చిపోతావని భయపడ్డానత్తా అన్నాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. బయట వెంకాయమ్మ బర్రెని తోలుకుపోతున్న చప్పుడు వినిపించింది. గదిలో ఉడుకుతోంది. తలుపు తియ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు.

కూర్చోలేక లేచాను. దిండు తెచ్చి కుట్లు తెంపాను. చెక్కని బయటికి తీసి నాపరాయి మీద పెట్టాను. ఆయన చెప్పిన పనైనా చేద్దామనిపించింది, నాలుగేళ్ళు ఆలస్యంగా. పరుపులు కుట్టే దబ్బనం తీసుకుని చెక్క నడిమధ్యలో గుచ్చి తిప్పాను. ఆకు పొడి పొడిగా రాలింది. ఇంకోసారి గుచ్చాను. ఇంకా రాలింది.

"లాగబాక" అంది మా అత్త. "ఇట్టియ్యి."

దబ్బనం నా చేతిలోంచి తీసుకుంది. చెక్కని ఒళ్ళో పెట్టుకుని, అంచు చుట్టూ బొటనవేలితో తడిమింది. ఒకచోట ఆగి, దబ్బనం పక్కనుంచి మెల్లిగా దూర్చి, కొంచెం పైకెత్తింది. పొర ఒకటి, ఆకుకి ఆకు అంటుకుని, చెక్కు చెదరకుండా లేచింది. దాని వెనక ఇంకొకటి. గది నిండా దూది వాసన స్థానంలో వేరే వాసన వచ్చింది, వాన పడ్డ కొత్తలో తడిసిన మట్టి వాసన. బర్మాలో ఎవరికీ పనికిరాకుండా పోయిన జీవితం ఆయనది అనుకుంటూ వచ్చాను గాని, ఎంత జాగ్రత్తగా దాచి పంపించాడో అప్పుడు చూశాను. నా మొగుడి కోసం నేను నిజంగా ఏడ్చింది ఆ పూటే.

పొయ్యి రాజేసి నీళ్ళు పెట్టాను. దూది పక్కన నిప్పు పెట్టకూడదని మా ఇంట్లో కట్టుబాటు. కట్టు తప్పకుండా ఉండేందుకు దూదినంతా నేనే మూలకి నెట్టి గోనెపట్టా కప్పాను. నీళ్ళు మసిలాయి. కంచు గిన్నెలో పొరలు వేసి నీళ్ళు పోశాను. ఆకు కదిలింది. నీళ్ళు తేనె రంగుకి తిరిగాయి, పైన సన్నటి దుమ్ము తేలింది. మొదటి నీళ్ళు పారబొయ్యమన్నాడు కనక గిన్నె ఎత్తి తూము దగ్గరికి తీసుకుపోయాను.

"పొయ్యబాక" అంది.

"దుమ్ము పోవాలన్నాడత్తా. ఇయ్యి తాగేయి కావు."

"ఆ దుమ్ము వాడి చేతిది" అంది. "వాడు దీన్ని పట్టుకున్న చెయ్యి, వాడి లారీ, వాడు నడిచిన బాట, అంతా ఆ నీళ్ళల్లోనే ఉంది. నా కాడికి అంతకంటే ఏం రాదు. ఇట్టియ్యి."

ఇచ్చాను. రెండు చేతులా పట్టుకుని, బిస్మిల్లా అనుకుని, ఆ మొదటి నీళ్ళు తాగింది. కాలుతున్నా ఆగలేదు. చివర్న గిన్నె వంచి, అడుగున మిగిలిన నలుసులు కూడా వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. తరవాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఇన్నాళ్ళూ ఏడవడం కుదరని ఏడుపు ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాను. తీసెయ్యమనలేదు.

ఏడుపు ఆగాక ఆమే లేచి రెండోసారి నీళ్ళు పోసింది. ఈసారి రంగు ముదిరి, నేరేడుపండు పిసికినట్టు ఎర్రగా వచ్చింది. గ్లాసులో వడబోసి నా ముందు పెట్టింది. నేను ముట్టుకోలేదు. ఒక్క గ్లాసే పోసింది, తనకి పోసుకోలేదు.

"రేపు జాబు అక్కర్లా" అంది. "నా కొడుకు పోయాడని నేనే జెప్తా. ఇద్దతు ఈ ఇంట్లోనే కూర్చో. అయినాక మీ నాయన ఎమ్మటి పో."

"నువ్వొక్కదానివే..." అన్నాను. ఇంతసేపూ పోవాలని కొట్టుకున్న నోరే ఆ మాట అంది.

ఆమె గ్లాసుని నా చేతిలోకి జరిపింది. తరవాత వెళ్ళి తలుపు గొళ్ళెం తీసింది. పట్టా కింద దూది కదిలి, ఒకటి రెండు పింజలు గడప మీదుగా వీధిలోకి పోయాయి. ఆమె వాటి వంక కూడా చూడలేదు.

"నాకోసం ఉండబాక" అంది.

టీ చేదుగా, వెచ్చగా గొంతు దిగింది. ఈసారి నేను ఒక్క అక్షరం కూడా మింగలేదు. ఆమె ఎట్లా అన్నదో అట్లాగే విన్నాను.